స్కోరుబోర్డు డైరీ: ఏడు నాలుగులు కావాలి

దసరా సెలవులయ్యాక

సంక్రాంతి టోర్నమెంటుకి ఈసారి హైస్కూలు గ్రౌండులో కొత్త స్కోరుబోర్డు పెట్టాలని కమిటీ అనుకుంది. ఇన్నాళ్లూ ఉన్నది క్లాసులోంచి మోసుకొచ్చిన నల్లబల్ల, ఒక సుద్దముక్క. పొద్దున్నే మంచుకి అంకెలు చెమ్మగిల్లి కారిపోయేవి. బౌండరీ అవతల కూర్చున్నవాడికి అవి ఎప్పుడూ కనపడలేదు. ఎలక్ట్రానిక్ బోర్డు అద్దెకి తెద్దామని కుర్రాళ్లు అన్నారు. అద్దె ఎంతో విన్నాక మళ్లీ ఆ ఊసెత్తలేదు. రేకు పలకల మీద అంకెలు రాసి కొక్కేలకి తగిలించే పాతకాలపు బోర్డే చేసుకుందామని తేలింది.

మాది రాజోలు దాటాక వశిష్ఠ గట్టున ఉండే ఊరు. నాకు మోటార్ల రివైండింగ్ షాపుంది. రొయ్యల చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు కాలిపోతే నా దగ్గరికే తెస్తారు. డ్రిల్లింగ్ మిషనూ కట్టరూ నా దగ్గరే ఉన్నాయి కాబట్టి పని నా నెత్తిన పడింది. చెక్కపని వడ్రంగి మావయ్యది, రాతపని పెయింటర్ బాబాయ్‌ది.

పీఈటీ మాస్టారు ఒక్క షరతు పెట్టారు. పలకలు మార్చే ఎనిమిదో తరగతి పిల్లలకి ముందే చేయి తిరగాలి. "పాత వన్డేలు తీసుకోండి. ఒకరు ఫోనులో స్కోరుకార్డు చదువుతుంటే పిల్లలు బోర్డు మీద పెడతారు. బోర్డుకీ పరీక్ష, పిల్లలకీ పరీక్ష" అన్నారు.

ఏ వన్డేలు అన్న దగ్గర పని ఆగిపోయింది. షాపు ముందు బెంచీ మీద దీపాలు పెట్టిన దగ్గర్నుంచి వాదన. "ఆల్ టైమ్ గ్రేటెస్ట్ అదేనండీ, ఇంకో మాట లేదు" అని ప్రతివాడూ అంటాడు. అదేదన్నది మాత్రం మనిషికొకటి.

పలకల లెక్క

బోర్డు మీద ఎన్ని గళ్లు కావాలో కాగితం మీద వేశాను. జట్టు స్కోరుకి మూడు, వికెట్లకి రెండు, ఓవర్లకి రెండు, బంతులకి ఒకటి, మొదటి ఇన్నింగ్స్ స్కోరుకి మూడు, క్రీజులో ఉన్న ఇద్దరు బ్యాటర్లకి మూడేసి. మొత్తం 17. గళ్లు తేలాయి గానీ ఏ అంకెలు ఎన్ని రాయించాలో తేలలేదు. అన్నీ పదిహేడేసి రాయిస్తే రేకుకే డబ్బులు అయిపోతాయి.

మాస్టారు జొహన్నెస్‌బర్గ్ మ్యాచ్ పెట్టి లెక్కగట్టమన్నారు. 2006 మార్చి 12. ఆస్ట్రేలియా 434, దక్షిణాఫ్రికా ఒక్క వికెట్ తేడాతో, ఇంకో బంతి ఉండగా 438. ఆఖరి ఓవర్ బ్రెట్ లీది. ఏడు కావాలి. నాలుగో బంతికి దక్షిణాఫ్రికా ఆఖరి బ్యాటర్ ఎంతినీ సింగిల్ తీశాడు, స్కోర్లు సమం అయ్యాయి. ఆ క్షణాన బోర్డు మీద ఏముండాలి? మొదటి ఇన్నింగ్స్ 434. ఇప్పటి స్కోరు 434. ఓవర్లు 49, బంతులు 4. తర్వాతి బంతికి ఫోర్ కొట్టి యాభై చేసుకున్న బౌచర్ అప్పటికి 46. నాలుగు అంకె ఏడు సార్లు!

"మన టోర్నమెంటు పన్నెండు ఓవర్లదండీ. 434 ఎవడు కొడతాడు?" అన్నాడు రొయ్యల చెరువులున్న తమ్ముడు. అయినా ఏడు నాలుగులు రాయించాలనే తేలింది. 6, 9 మాత్రం ఒకే పలక. పైనా కిందా రెండువైపులా బెజ్జాలు కొడితే తలకిందులు చేసి తగిలించుకోవచ్చు.

రేకు, ప్రైమరు

గోదావరి దాటించే పంటు ఎక్కి నరసాపురం వెళ్లి, జింకు పూత ఉన్న జీఐ రేకు తెచ్చాం. మామూలు ఇనుప రేకైతే చవకే గానీ, సముద్రపు గాలికి రెండు వానాకాలాలు ఆగదు. జీఐతో ఇంకో తిప్పలుంది. కొత్త రేకు నున్నగా ఉంటుంది, పెయింటు పట్టుకోదు, కొన్నాళ్లకి పెచ్చులుగా లేస్తుంది. పెయింటర్ బాబాయ్ ప్రతి పలకనీ ఎమ్రీ పేపరుతో గరుకుగా రుద్దించి, నూనె జిడ్డు పోయేలా తుడిపించి, జింక్ క్రోమేట్ ప్రైమర్ వేయించారు. దాని మీద స్కూలు నల్లబల్లకి వేసే పెయింటు. మెరిసే నల్ల ఎనామిల్ వేస్తే సాయంత్రం ఎండకి అద్దంలా తళుక్కుమని అంకె కనపడదట. అంకెలకి మాత్రం తెల్ల ఎనామిల్.

స్టెన్సిల్‌కి పాత ఎక్స్‌రే ఫిల్ములు వాడారు. 3 అంకె కోసిన ఫిల్ములో ఎవరిదో మోకాలి చిప్ప కనిపిస్తోంది. కాగితమైతే నాలుగు పలకలకే నానిపోతుందట. ఫిల్మును తుడిచి మళ్లీ వాడుకోవచ్చు.

చట్రానికి టేకు దొరికింది. మా వీధిలో ఒక పెంకుటిల్లు విప్పేశారు, దాని వాసాలు మావయ్య బేరమాడి తెచ్చారు. ఎన్నేళ్ల నాటి కర్రో గానీ చిత్రిక పడితే ఇంకా వాసన వస్తోంది.

నాగుల చవితి సాయంత్రం, మొదటి పరీక్ష

పుట్టలో పాలు పోసొచ్చాక అందరూ గ్రౌండుకి చేరారు. బాబాయ్ పట్టుబట్టి 1983 ఫైనలే పెట్టించారు. జూన్ 25, లార్డ్స్, అప్పట్లో 60 ఓవర్ల ఆట. వెస్టిండీస్ మీద భారత్ 183. బోర్డు మీద ఎడమవైపు ఆ మూడు పలకలు ఎక్కగానే ఆయన కుర్చీ ముందుకి లాక్కున్నారు.

పాత మ్యాచ్‌లకి వికెట్ పడ్డప్పటి స్కోర్లు దొరుకుతాయి కాబట్టి అక్కడక్కడే పలకలు మారుస్తున్నాం. 5 దగ్గర గ్రీనిడ్జ్. 50 దగ్గర హేన్స్. 57 దగ్గర రిచర్డ్స్, అదే కపిల్ వెనక్కి పరుగెత్తి పట్టిన క్యాచ్. 66 దగ్గర రెండు. 76 దగ్గర ఆరోది. ఇంతవరకూ పిల్లలు ఉరుకులు పరుగులు. తర్వాత పలక కదలదు. డుజాన్, మార్షల్ కలిసి 119 దాకా లాగారు. ఎప్పుడూ హైలైట్స్‌లో రిచర్డ్స్ క్యాచ్ తర్వాత తిన్నగా ఆఖరి వికెట్, హోల్డింగ్ ఎల్బీ దగ్గరికి వచ్చేసేవాళ్లం. ఆ మధ్యలో 43 పరుగులు ఇంత బరువని బోర్డు ముందు నిలబడితే గానీ తెలియలేదు. 184 కొట్టాల్సిన జట్టు 119 దగ్గరుంది, చేతిలో ఓవర్లు బోలెడు. మొహిందర్ వచ్చి డుజాన్‌ని బౌల్డ్ చేసేదాకా అది భారత్ గెలిచిన మ్యాచేమీ కాదు.

140 పెట్టి పది వికెట్లు తగిలించగానే బాబాయ్ లేచి "అయిపోయిందండీ, ఇంక వాదనెందుకు?" అన్నారు. నాకు మాత్రం 1983 చరిత్రలో పెద్దది, ఆటగా కొంచెం తక్కువ. 43 పరుగుల తేడా, ఆఖరి పావుగంట గోళ్లు కొరుక్కునేది కాదు. ఈ మాట అన్నందుకు ఆయన ఆ రాత్రి నాకు టీ పోయనివ్వలేదు.

అన్నట్టు అదే ప్రపంచకప్‌లో జూన్ 18న టన్‌బ్రిడ్జ్ వెల్స్‌లో జింబాబ్వే మీద 17కి 5 వికెట్లు పోయాక కపిల్ 175 నాటౌట్. దానికి వీడియోనే లేదు. బోర్డు మీద పెట్టుకుని చూడటమే గతి. ఒక రోజు అదీ పెట్టాం, పిల్లలకి బాగా నచ్చింది.

వాయుగుండం వారం

బంగాళాఖాతంలో వాయుగుండం. రెండు రోజులు ఒకటే ముసురు, గాలి. తగిలించిన పలకలు గాలికి ఎగిరెగిరి కొడుతున్నాయి, రెండు జారి కిందపడ్డాయి. గాలికి పలక కింది అంచు ముందుకి లేస్తోంది, కొక్కెంలోంచి బెజ్జం బయటికి వచ్చేస్తోంది. అన్నీ స్కూలు వరండాలో చేర్చి ఆలోచించాం. మావయ్య ప్రతి వరస కిందా సన్నటి టేకు బద్ద కొట్టి, దానికి గాడి తీశారు. పలకని ముందు గాడిలో నిలబెట్టి, తర్వాత పైన కొక్కేనికి తగిలించాలి. మార్చడానికి ఒక క్షణం ఎక్కువ పడుతుంది గానీ పలక కదలదు. వెనక చెక్కల మధ్య ఖాళీలు కూడా వదిలారు, గాలి ఆపకుండా పోనిచ్చేందుకు.

వాన వల్ల బయట పని లేదు. వరండాలో వాదనకి అడ్డూ లేదు. రైస్ మిల్లు పెద్దాయన ఒక్క మ్యాచ్ మాత్రం బోర్డు ఎక్కనివ్వనన్నారు. 1986 ఏప్రిల్ 18, షార్జా, పాకిస్తాన్‌తో. ఆఖరి బంతికి నాలుగు కావాలి, చేతన్ శర్మ ఫుల్ టాస్, మియాందాద్ సిక్స్. "ఆయ్, అది తప్ప ఏదైనా పెట్టుకోండి." పిల్లలకి ఆ బాధ లేదు, వాళ్ల నాన్నలు కూడా అప్పటికి చిన్నవాళ్లే. "తాతయ్యా, ఆఖరి బంతికి సిక్స్ అంటే బాగుంటుందిగా!" అన్నాడొకడు. ఆయన మొహం చూసి మాస్టారు వాణ్ని ప్రైమరు డబ్బా తెమ్మని పంపేశారు.

నా మాట వాడి వైపే. మనవాళ్లు గెలిచిందే గొప్ప మ్యాచ్ అనుకుంటే వాదనే అక్కర్లేదు. 2002 నాట్‌వెస్ట్ ఫైనల్ రాసుకుని ఇంటికి పోవచ్చు. 326 లక్ష్యం, 146కి 5, యువరాజ్, కైఫ్, గంగూలీ చొక్కా విప్పి తిప్పడం. కుర్రాళ్లకి అది కంఠతా వచ్చు. ఏ జట్టూ తనది కాని మనిషి కూడా లేచి వెళ్లలేని మ్యాచ్ ఏదో అది తేలాలి.

మద్రాసు పాఠం

చినుకు ఆగాక 1987 అక్టోబరు 9 పెట్టాం. రిలయన్స్ కప్ (అప్పటి ప్రపంచకప్), చెపాక్, ఆస్ట్రేలియా మీద మనం. ఈ మ్యాచ్ మాస్టారు కావాలని ఎంచుకున్నారు. డీన్ జోన్స్ ఒక షాట్ కొట్టాడు, అంపైర్ ఫోర్ ఇచ్చాడు. అది సిక్స్ అని ఆస్ట్రేలియా వాళ్లు ఇన్నింగ్స్ అయ్యాక వాదించారు, కపిల్ ఒప్పుకున్నాడు. 268 కాస్తా 270 అయింది. తర్వాత భారత్ 269కి ఆలౌట్, ఒక్క బంతి మిగిలుండగా స్టీవ్ వా చేతిలో మణీందర్ బౌల్డ్. ఒక్క పరుగు తేడా.

మాస్టారు చదువుతూ చదువుతూ "మొదటి ఇన్నింగ్స్ స్కోరు మార్చండి" అన్నారు. ఎడమవైపు పిల్లాడు బిక్కమొహం వేశాడు. ఇన్నింగ్స్ అయిపోయాక ఆ గళ్ల మీద అడ్డపట్టీ వేసి మేకులు బిగించాలని మేం అనుకున్నాం. ఆ ఆలోచన అక్కడితో పోయింది. ఇప్పుడు దానికి తిప్పే గడియ పెట్టాం. స్కోరర్ చీటీ రాసి పంపితేనే గడియ తీయాలి. ప్రేక్షకుల్లోంచి ఎవరు ఎంత అరిచినా తీయకూడదు.

వాదనలో మాత్రం ఆ రాత్రి మాస్టారిదే పైచేయి. కపిల్ ఒప్పుకోకపోతే భారత్ గెలిచేది కదా అని చెరువుల తమ్ముడు అన్నాడు. "ఆ రెండు పరుగులు లేకపోతే వేటాడే తీరే వేరుగా ఉండేది, అలా కూడికలు తీసివేతలు చేయకూడదు" అని మాస్టారు. నిజమే, 207కి రెండు వికెట్లతో ఉండి ఓడిపోయిన జట్టుకి ఆ రెండు పరుగుల మీద ఏడ్చే హక్కు పెద్దగా లేదు.

కార్తీక పౌర్ణమి తర్వాత

2023 నవంబరు 7, ముంబై. అఫ్గానిస్థాన్ 291. ఆస్ట్రేలియా 91కి 7. తర్వాత మాక్స్‌వెల్ 201 నాటౌట్. దీనికి ఓవర్‌వారీ స్కోర్లు ఫోనులో దొరికాయి కాబట్టి ప్రతి ఓవరుకీ మార్చాం. మాక్స్‌వెల్ గళ్ల దగ్గరున్న పిల్లాడికి ఊపిరి సలపలేదు. కమిన్స్ గళ్ల దగ్గరున్నవాడు కాసేపు నిలబడి, తర్వాత కూర్చుని, తర్వాత జేబులోంచి జామకాయ తీసి తినడం మొదలెట్టాడు. కమిన్స్ 68 బంతుల్లో 12. ఇద్దరూ కలిపి విడిపోకుండా 202. ఒక వైపు పలకలు గలగలా మారుతుంటే, ఇంకో వైపు అంత సేపు కదలకుండా ఉండటమే ఆ మ్యాచ్. ఒక్కడి ఇన్నింగ్స్‌గా దీనికి సాటి లేదంటాను. మ్యాచ్‌గా ఇంకా పైవి ఉన్నాయి.

434 మ్యాచ్ కూడా అయింది. ఏడు నాలుగులూ ఒకేసారి ఎక్కినప్పుడు పిల్లలు చప్పట్లు కొట్టారు, మా లెక్క తప్పలేదు. దక్షిణాఫ్రికా గిబ్స్ 111 బంతుల్లో 175. 32వ ఓవర్లో అతను ఔటయ్యేటప్పటికే 299. బాబాయ్ మాత్రం పెదవి విరిచారు. "ఆస్ట్రేలియా బౌలర్ మిక్ లూయిస్ పది ఓవర్లలో 113 ఇచ్చి ఒక్క వికెట్టూ లేదు. బౌలరు ఉన్నాడో లేడో తెలియని ఆట గొప్పదెలా అవుతుందండీ?" దీనికి ఎవరూ సరైన జవాబు చెప్పలేకపోయారు. నాకూ లోలోపల ఆయన మాటే నచ్చింది.

ధనుర్మాసం, టై మ్యాచ్‌ల రాత్రి

బర్మింగ్‌హామ్, 1999 జూన్ 17, ప్రపంచకప్ సెమీస్. ఇది నా ఎంపిక.

ఆస్ట్రేలియా 3కి 1. 68కి 4. బెవన్, స్టీవ్ వా కలిసి 158 దాకా తీసుకెళ్లారు, అక్కడ ఒకేసారి రెండు. 207 దగ్గర మూడు. 213 ఆలౌట్. పొలాక్‌కి ఐదు, డోనాల్డ్‌కి నాలుగు. దక్షిణాఫ్రికా 48 దాకా వికెట్ లేదు. వార్న్ వచ్చాడు, 61కి 4. మళ్లీ కలిస్, రోడ్స్ నిలబడ్డారు, 145. అక్కణ్నుంచి 175, 183, 196, 198. ఏ పలక పెట్టినా పది నిమిషాల్లో దాని అర్థం తిరగబడుతోంది. వేరే మ్యాచ్‌లు పెట్టినప్పుడు మధ్యలో ఎవడో ఒకడు టీకి వెళ్లేవాడు. ఈ రాత్రి ఎవరూ బెంచీ దిగలేదు.

198కి 9. క్రీజులో క్లూజ్‌నర్, డోనాల్డ్. క్లూజ్‌నర్ కొట్టిన బంతి ఫీల్డర్ పాల్ రైఫిల్ చేతుల్లోంచి జారి సిక్స్ వెళ్లింది. సింగిల్. 205. ఫ్లెమింగ్ ఆఖరి ఓవరు, తొమ్మిది కావాలి. ఫోర్. ఫోర్. 213, 213. బోర్డు మీద రెండువైపులా ఒకే అంకె. ఇంకా నాలుగు బంతులు. మూడో బంతికి డోనాల్డ్ రనౌట్ కాకుండా తప్పించుకున్నాడు. నాలుగో బంతికి క్లూజ్‌నర్ పరుగెత్తాడు, డోనాల్డ్ బ్యాటు జారవిడిచి ఆలస్యంగా కదిలాడు. కుడివైపు పిల్లాడు 9 తీసి 10 పెట్టాడు.

"ఎవరు గెలిచారండీ?"

"టై రా, స్కోర్లు సమం. కానీ ఫైనల్‌కి ఆస్ట్రేలియా వెళ్లింది, సెమీస్‌కి ముందు దశ సూపర్ సిక్స్ పట్టికలో పైనున్నందుకు."

"అదేంటండీ, అన్యాయం కదా?"

ఇక్కణ్నుంచి వాదన టై మీదికి మళ్లింది, ఆపడం మా వల్ల కాలేదు. 1987 మార్చి 20న హైదరాబాదులో పాకిస్తాన్‌తో 44 ఓవర్ల మ్యాచ్‌లో ఇద్దరూ 212 కొట్టారు. మనకి పోయినవి ఆరు వికెట్లు, వాళ్లకి ఏడు, అందుకని మనం గెలిచినట్టు. 2019 జులై 14న లార్డ్స్ ఫైనల్లో 241, 241. తేల్చడానికి చెరో ఓవరు ఆడించిన సూపర్ ఓవర్లో 15, 15. చివరికి బౌండరీలు లెక్కపెట్టి, 26 కొట్టిన ఇంగ్లండ్‌కి కప్పు, 17 కొట్టిన న్యూజిలాండ్‌కి నమస్కారం. ఆ మ్యాచ్ బోర్డు ఎక్కించాలంటే బౌండరీలకి గడి లేదు. "మన బోర్డు ప్రకారం అది టైయేనండీ, అప్పటి వాళ్ల కెప్టెన్ కేన్ విలియమ్సన్‌కి ఉత్తరం రాద్దాం" అన్నాడు తమ్ముడు.

రైస్ మిల్లు పెద్దాయన అందరూ మర్చిపోయినదాన్ని ఎత్తారు. 2018 అక్టోబరు 24, మన విశాఖలో. భారత్ 321, కోహ్లీ 157 నాటౌట్, అదే రోజు వన్డేల్లో పది వేలు దాటాడు. వెస్టిండీస్‌కి ఆఖరి బంతికి ఐదు కావాలి. షై హోప్ ఫోర్ కొట్టాడు. 321. లీగు గొడవ లేదు, పట్టిక లేదు. టై అంటే టై అని రాసి ఇళ్లకి పోయారు. వాళ్ల మేనల్లుడు స్టేడియంలో ఉన్నాడట, ఇప్పటికీ ఎవరు గెలిచారని అడిగితే నవ్వుతాడట. పెద్దాయన మాట్లాడినంతసేపూ నాకు అదే సరైన పద్ధతి అనిపించింది.

ఈ రాత్రి వల్ల కమిటీకి ఒక పని జరిగింది. టోర్నమెంటు రూల్స్ కాగితంలో టై అయితే ఏం చేయాలో ఇంతవరకూ లేదు. ఇప్పుడు రాశారు: లీగు మ్యాచ్ టై అయితే చెరో పాయింటు, నాకౌట్ అయితే సూపర్ ఓవర్, అదీ సమం అయితే మళ్లీ సూపర్ ఓవర్. 2019 ఫైనల్ గొడవ తర్వాత ఐసీసీ తెచ్చిన మార్పూ ఇదే. కరెంటు పోయేలోగా తేల్చుకోవాలని మాత్రం మాస్టారు కింద పెన్సిల్‌తో రాశారు.

బోర్డు నిలబెట్టిన రోజు

గ్రౌండుకి తూర్పువైపు గోతులు తీసి, సరుగుడు బాదులు ఊతమిచ్చి నిలబెట్టాం. మధ్యాహ్నం నుంచి ఎండ తిన్నగా అంకెల మీద పడుతుంది, అవతలి గట్టు మీద కూర్చున్నవాడికి కూడా చదవొచ్చు. కాలవ అవతల నుంచి చూసొచ్చిన చెరువుల తమ్ముడు 3, 8 తేడా తెలియడం లేదన్నాడు. బాబాయ్ గొణుక్కుంటూనే 3 నోళ్లు ఇంకొంచెం తెరిచి మళ్లీ రాశారు.

ప్రారంభం రోజు బోర్డు ఖాళీగా ఉండకూడదు, ఏదో ఒక మ్యాచ్ స్కోరు పెట్టి ఉంచాలి. ఓటింగు పెడదామన్నారు. చేతులెత్తితే 1983కీ, 1999కీ సమానంగా వచ్చాయి. బౌండరీలు లెక్కపెడదామా అని ఎవడో అన్నాడు. చివరికి బోర్డు చేసినవాడి మాట చెల్లుతుందని మాస్టారు తేల్చారు, కాబట్టి 213, 213. బాబాయ్ ఏమీ అనలేదు. సాయంత్రం చూస్తే బోర్డు వెనకవైపు చెక్కల మీద, చెరపడానికి వీల్లేకుండా, తెల్ల ఎనామిల్‌తో 183, 140 రాసేసి ఉన్నాయి. రాత బాగుంది, ఉండనిచ్చాం.

భోగికి ముందు చేయాల్సినవి: గడియలకి నూనె. 7 పలక ఒకటి బెజ్జం దగ్గర చిరిగింది, మార్చాలి. సున్నాలు మూడే ఉన్నాయి. ఇన్నింగ్స్ మొదలైనప్పుడు స్కోరు, వికెట్లు, ఓవర్లు, బంతులు, ఇద్దరు బ్యాటర్లు కలిపి ఆరు సున్నాలు కావాలి. మా జట్టు ఓపెనర్ల సంగతి తెలిసినవాళ్లు ఇంకో రెండు ఎక్కువే రాయించమంటున్నారు.